గర్భిణులూ.. థైరాయిడ్ మాత్ర మానొద్దు!

* నీరసమే కదా అని వదిలేస్తే బిడ్డకే నష్టం
* ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి మింగితే పని చేయదు
* తొలి మూడు నెలలే అత్యంత కీలకం

శ్రీకాకుళం: ‘కడుపుతో ఉన్న పిల్లకు నీరసం రాక ఏమొస్తుంది?’ మన పల్లెల్లో గర్భిణి కాస్త నలతగా ఉందంటే పెద్దల నోట వినిపించే మాట ఇది. చాలామంది విషయంలో అది నిజమే. అలసట, మలబద్ధకం, బరువు పెరగడం, పగటిపూట నిద్ర ముంచుకురావడం గర్భిణుల్లో సహజమే. చిక్కల్లా ఒక్కటే. థైరాయిడ్ గ్రంథి మందగించినా సరిగ్గా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఏది సహజం, ఏది జబ్బు అన్నది కంటితో చూసి చెప్పడం అనుభవజ్ఞులకు సైతం కష్టం. చిన్న రక్త పరీక్ష మాత్రమే ఆ తేడా చెప్పగలదు.

జిల్లాలోని తీర ప్రాంత గ్రామానికి చెందిన ఓ గర్భిణి అనుభవమే ఇందుకు నిదర్శనం. పెళ్ళయిన రెండేళ్ళ వరకు ఆమెకు సంతానం కలగలేదు. పరీక్షలు చేయిస్తే థైరాయిడ్ లోపం ఉన్నట్లు తేలింది. రోజుకో మాత్ర చొప్పున కొన్ని నెలలు వాడాక నెల తప్పింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఆ వెంటనే అత్తగారు చేసిన పని మాత్రల సీసాను అటక మీదికి చేర్చడం. ‘ఇక ఆ మాత్రలెందుకమ్మా, కడుపులో బిడ్డకు వేడి చేస్తాయి’ అన్నది ఆమె అభిప్రాయం. అందులో దురుద్దేశం ఏమీ లేదు. కోడలి మీద, పుట్టబోయే మనవడి మీద ప్రేమతోనే ఆ పని చేశారు. కూలి పనుల కోసం చెన్నై వెళ్ళిన భర్తకు ఈ సంగతే తెలియదు. మూడో నెల చివర్లో తల్లీబిడ్డల రక్షణ కార్డు నింపుతూ ‘ఇంతకు ముందు ఏమైనా మందులు వాడేదానివా తల్లీ?’ అని ఏఎన్‌ఎం అడిగినప్పుడు గానీ విషయం బయటపడలేదు. పరీక్ష చేయిస్తే లోపం మునుపటి కంటే ఎక్కువగా ఉంది. వైద్యులు మాత్రను తిరిగి మొదలుపెట్టారు. కానీ మానేసిన ఆ వారాలే బిడ్డకు అత్యవసరమైన వారాలని తెలిసి ఆ కుటుంబం కుమిలిపోయింది.

ఇటువంటి పొరపాటు మరో ఇంట జరగకూడదంటే గర్భిణితో పాటు అత్తగారు, అమ్మ, భర్త కూడా కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

ఏమిటీ గ్రంథి?

మెడ ముందు భాగంలో, గొంతు ముడి దిగువన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. మనం తినే ఆహారంలోని అయోడిన్‌ను గ్రహించి థైరాక్సిన్ (టీ4), టీ3 అనే హార్మోన్లను తయారు చేస్తుంది. గుండె వేగం, శరీర వేడి, జీర్ణశక్తి, బరువు, నెలసరి, మనసు స్థితి.. ఇలా శరీరంలోని దాదాపు ప్రతి పనీ ఈ హార్మోన్ల మీద ఆధారపడి ఉంటుంది.

ఈ గ్రంథి చేత పని చేయించే మేస్త్రి మరొకరున్నారు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్ ద్వారా థైరాయిడ్‌కు ఆజ్ఞలు పంపుతుంది. కూలీ మందగిస్తే మేస్త్రి గొంతు పెంచినట్లు, థైరాయిడ్ తగినంత హార్మోన్ ఇవ్వకపోతే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. అంటే రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉంటే సాధారణంగా థైరాయిడ్ తక్కువగా పని చేస్తున్నట్లు లెక్క. ‘ఎక్కువ వచ్చింది కాబట్టి థైరాయిడ్ ఎక్కువైంది’ అని చాలామంది పొరబడుతుంటారు. అది సరికాదు.

తల్లే బిడ్డకు ఆధారం

గర్భస్థ శిశువుకు సొంత థైరాయిడ్ గ్రంథి ఉన్నా అది హార్మోన్ తయారీ మొదలుపెట్టేది 10 నుంచి 12 వారాల మధ్యే. తన అవసరాలకు చాలినంతగా పని చేయడానికి 18 నుంచి 20 వారాలు పడుతుంది. అప్పటి వరకు బిడ్డ మెదడు ఎదుగుదలకు కావలసిన థైరాక్సిన్ తల్లి రక్తం నుంచి మాయ ద్వారా అందాల్సిందే. తల్లి ఇద్దరికి సరిపడా ఇవ్వాలి. అందుకే గర్భం ధరించాక థైరాక్సిన్ అవసరం మామూలు కంటే 25 నుంచి 50 శాతం వరకు పెరుగుతుంది.

ఆరోగ్యవంతురాలి గ్రంథి ఈ అదనపు భారాన్ని తట్టుకుంటుంది. అప్పటికే బలహీనపడిన గ్రంథి తట్టుకోలేదు. మాత్ర మీద ఆధారపడిన స్త్రీకి మాత్ర మోతాదు పెరగాల్సిన సమయం అది. సరిగ్గా అప్పుడే మాత్రను పూర్తిగా మానేస్తే ఎంత నష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

లోపం తీవ్రంగా ఉండి చికిత్స అందకపోతే గర్భస్రావం, రక్తపోటు పెరగడం, రక్తహీనత, నెలలు నిండకుండానే కాన్పు, మాయ ముందే విడిపోవడం, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతినే అవకాశమూ ఉంది. సకాలంలో మాత్ర వాడితే ఈ ముప్పు చాలా మేరకు తగ్గుతుంది. థైరాయిడ్ ఉందని గర్భిణి భయపడనక్కర్లేదు.

ఈ లక్షణాలను గమనించండి

నీరసం, మలబద్ధకం వంటివి ఎలాగూ అందరిలో ఉంటాయి. వాటితో పాటు కింది వాటిలో కొన్ని ఉంటే థైరాయిడ్ లోపాన్ని అనుమానించాలి.

* ఇంట్లో అందరూ ఉక్కపోత అంటుంటే తనకు మాత్రం చలిగా అనిపించడం
* గొంతు బొంగురుపోవడం
* చర్మం పొడిబారి గరుకుగా మారడం, జుట్టు విపరీతంగా రాలడం
* ఉదయం లేవగానే ముఖం, కళ్ళ కింద ఉబ్బినట్లుండటం
* నాడి నెమ్మదించడం, కండరాలు పట్టేయడం
* మతిమరుపు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం
* మెడ ముందు భాగంలో వాపు

ఏ లక్షణమూ లేకుండానే లోపం ఉండే అవకాశం కూడా ఉంది. ఒక ముఖ్య విషయం. ముఖం, చేతులు ఒక్కసారిగా వాచి, విడవని తలనొప్పి, కళ్ళు మసకలు కమ్మడం ఉంటే థైరాయిడ్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. అది ప్రమాదకరమైన రక్తపోటు కావచ్చు. తక్షణం ఆసుపత్రికి వెళ్ళాలి.

ఎక్కువైనా ముప్పే

కొందరిలో థైరాయిడ్ అతిగా పని చేస్తుంది. కూర్చున్నా గుండె దడదడలాడటం, చేతులు వణకడం, విపరీతమైన చెమట, వేడి తట్టుకోలేకపోవడం, నెలలు గడుస్తున్నా బరువు పెరగకపోవడం, కళ్ళు ముందుకు పొడుచుకు రావడం దీని లక్షణాలు. తొలి నెలల్లో వాంతులు మరీ ఎక్కువగా ఉన్నవారిలో గర్భ హార్మోన్ల ప్రభావం వల్ల తాత్కాలికంగా థైరాయిడ్ పెరిగినట్లు కనిపించవచ్చు. ఇది చాలామందిలో నాలుగు, అయిదు నెలలు వచ్చేసరికి తానే సర్దుకుంటుంది. గ్రేవ్స్ వ్యాధి అలా కాదు. దానికి చికిత్స తప్పనిసరి.

ఈ వ్యాధికి విరివిగా వాడే కార్బిమజోల్ వల్ల తొలి మూడు నెలల్లో శిశువుకు అవయవ లోపాలు కలిగే ప్రమాదం ఉంది. అందుకే ఆ దశలో మందు అవసరమైతే సాధారణంగా ప్రొపైల్‌థయోయురాసిల్‌ను ఎంచుకుంటారు. కాబట్టి కార్బిమజోల్ వాడుతున్నవారు పిల్లల కోసం ప్రయత్నించే ముందే వైద్యులకు చెప్పాలి. నెల తప్పిందని తెలిస్తే ఆ రోజే సంప్రదించాలి. రేడియో అయోడిన్ స్కానింగ్, చికిత్స గర్భిణులకు ఎంతమాత్రం పనికిరావు.

పరీక్ష ఎవరికి? ఎప్పుడు?

2014లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ గర్భిణుల్లో థైరాయిడ్ లోపాన్ని గుర్తించేందుకు మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం ముప్పు ఎక్కువగా ఉన్న గర్భిణులకు టీఎస్‌హెచ్ పరీక్ష చేయాలి. గతంలో థైరాయిడ్ జబ్బు లేదా శస్త్రచికిత్స ఉన్నవారు, మెడ వాపు ఉన్నవారు, తల్లి, అక్కచెల్లెళ్ళకు ఈ సమస్య ఉన్నవారు, పలుమార్లు గర్భస్రావం అయినవారు, నెలలు నిండక ముందే కాన్పు అయినవారు, గర్భంలోనే బిడ్డ చనిపోయినవారు, సంతానలేమికి చికిత్స పొందినవారు, టైప్ 1 మధుమేహం ఉన్నవారు, స్థూలకాయులు, అయోడిన్ లోపం ఉన్న ప్రాంతాల్లో నివసించేవారు ఈ కోవలోకి వస్తారు. ఈ జాబితా చూస్తే మన పల్లెల్లో ఎంతోమంది ఇందులోకి వస్తారని అర్థమవుతుంది.

నెల తప్పిందని నిర్ధారణ కాగానే, తొలిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడే ఈ పరీక్ష గురించి అడగడం మంచిది. దీనికి పరగడుపున వెళ్ళాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు వైద్యుల చేత ఉచిత పరీక్షలు నిర్వహిస్తున్నారు. ఆ రోజు తమ పాత రిపోర్టులు, వాడిన మాత్రల సీసా వెంట తీసుకెళ్ళి చూపించాలి.

అంకెల గందరగోళం

ఒక వైద్యుడు మాత్ర వేసుకోమంటే మరొకరు అక్కర్లేదంటున్నారన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. దీనికీ కారణముంది. తొలి మూడు నెలల్లో టీఎస్‌హెచ్ సహజంగానే తగ్గుతుంది. అందుకని 2014 నాటి మన మార్గదర్శకాలు ఆ దశలో 2.5, ఆ తరువాత 3 దాటితే లోపంగా పరిగణించమన్నాయి. 2017లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ తన పాత సూచనను సవరించింది. స్థానిక ప్రమాణాలు లేని చోట సుమారు 4 వరకు అనుమతించవచ్చని పేర్కొంది. ఈ రెంటి మధ్య అంకె వచ్చినవారి విషయంలో యాంటీ టీపీఓ పరీక్ష, గత కాన్పుల చరిత్ర చూసి వైద్యులు నిర్ణయం తీసుకుంటారు.

టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగి, టీ4 సరిగ్గా ఉంటే దాన్ని స్వల్ప లోపం అంటారు. అటువంటి గర్భిణులకు మాత్ర ఇచ్చినా పిల్లల తెలివితేటల్లో స్పష్టమైన తేడా కనిపించలేదని 2012, 2017లలో వెలువడిన రెండు పెద్ద పరిశోధనలు తెలిపాయి. అందువల్ల అంకె కొంచెం అటూ ఇటూ అయినంత మాత్రాన బెంగ పెట్టుకోవద్దు. కానీ టీఎస్‌హెచ్ బాగా పెరిగి టీ4 తగ్గినవారికి, అప్పటికే మాత్ర వాడుతున్నవారికి చికిత్స విషయంలో రెండో మాట లేదు.

మాత్ర ‘వేడి’ చేయదు

థైరాయిడ్ లోపానికి ఇచ్చే లెవోథైరాక్సిన్ మాత్రలో ఉండేది మన గ్రంథి తయారు చేసే థైరాక్సినే. శరీరంలో లేని దాన్ని ఇవ్వడం కాదు, తగ్గిన దాన్ని భర్తీ చేయడమే. సరైన మోతాదులో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది సురక్షితం. నెల తప్పిందని తెలియగానే మాత్ర మానకుండా వైద్యుల వద్దకు వెళ్ళాలి. సాధారణంగా మోతాదు పెంచి, గర్భం సగం కాలం గడిచే వరకు సుమారు నాలుగు వారాలకోసారి, ఆ తరువాత 30వ వారం ప్రాంతంలో మరోసారి పరీక్షించి సరిచేస్తారు. సొంతంగా పెంచడం, తగ్గించడం కూడదు.

ఎక్కువమంది చేసే మరో పొరపాటు మాత్రలన్నీ కలిపి మింగేయడం. ప్రభుత్వం గర్భిణులకు నాలుగో నెల నుంచి ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజుకొకటి, కాల్షియం మాత్రలు రోజుకు రెండు ఇస్తోంది. ఈ రెండూ ఎంతో అవసరం. అయితే థైరాయిడ్ మాత్రతో పాటు కడుపులోకి వెళితే దాన్ని పట్టేసి రక్తంలోకి చేరనివ్వవు. మాత్ర క్రమం తప్పకుండా వేసుకున్నా టీఎస్‌హెచ్ తగ్గడం లేదని వాపోయేవారిలో చాలామందికి అసలు కారణం ఇదే. ఐరన్, కాల్షియం మాత్రలకు, థైరాయిడ్ మాత్రకు మధ్య కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి. ఐరన్, కాల్షియం మాత్రలను కూడా ఒకేసారి వేసుకోరాదు.

ఉదాహరణకు రోజును ఇలా విభజించుకోవచ్చు.

* ఉదయం 6 గంటలకు: పరగడుపున మంచినీళ్ళతో థైరాయిడ్ మాత్ర
* 7 గంటల తరువాత: టీ, కాఫీ, పాలు, టిఫిన్
* మధ్యాహ్నం భోజనంతో: కాల్షియం మాత్ర
* సాయంత్రం 4 గంటలకు: ఐరన్ మాత్ర (టీతో కాదు, నిమ్మరసం కలిపిన నీళ్ళు మేలు)
* రాత్రి భోజనంతో: రెండో కాల్షియం మాత్ర

మాత్ర వేసుకున్నాక అర గంట నుంచి గంట వరకు ఏమీ తినకూడదు, తాగకూడదు. వేవిళ్ళ వల్ల ఉదయం మాత్ర నిలవకపోతే రాత్రి భోజనం చేసిన మూడు గంటల తరువాత వేసుకునే వీలుంది. అలాంటప్పుడు రాత్రి కాల్షియం మాత్ర వేళను మార్చుకోవాల్సి ఉంటుంది. ఈ మార్పుపై ఏఎన్‌ఎంను గానీ వైద్యులను గానీ అడగాలి. సీసాను పొయ్యి దగ్గర, ఎండ తగిలే కిటికీలో ఉంచితే మందు శక్తి తగ్గుతుంది.

దేశానికి దారి చూపిన జిల్లా బిడ్డ

థైరాయిడ్‌కు ముడిసరుకు అయోడిన్. ఉప్పులో అయోడిన్ కలిపి గళగండాన్ని నివారించవచ్చని మన దేశంలో నిరూపించిన శాస్త్రవేత్త శ్రీకాకుళంలో పుట్టినవారేనన్న సంగతి నేటి తరంలో కొద్దిమందికే తెలుసు. 1921లో ఇక్కడ జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో సహచరులతో కలిసి పరిశోధన ప్రారంభించారు. లోయను మూడు ప్రాంతాలుగా విభజించి రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. కొన్నేళ్ళకు అయోడిన్ ఉప్పు తిన్న ప్రాంతాల్లో గళగండం గణనీయంగా తగ్గింది. 1962లో జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఆయన తదనంతర కాలంలో ఎయిమ్స్ సంచాలకుడిగా, భారత వైద్య పరిశోధన మండలి అధిపతిగా పనిచేసి 2001లో కన్నుమూశారు.

ఆయన పుట్టిన జిల్లాలోనే, నౌపడ ఉప్పు మడులు కనుచూపు మేర పరచుకున్న ఈ గడ్డ మీదే, ‘సముద్రపు ఉప్పులో అయోడిన్ ఎలాగూ ఉంటుంది’ అనే అపోహ ఇంకా వీడలేదు. మడుల నుంచి నేరుగా వచ్చే కల్లుప్పులో అయోడిన్ అవసరానికి ఏమాత్రం చాలదు. సైంధవ లవణం సంగతీ అంతే. నేరుగా ఆహారంలో వాడే ఉప్పును అయోడిన్ కలపకుండా విక్రయించడాన్ని కేంద్రం 2006లో దేశమంతటా నిషేధించింది. వినియోగదారుడి చేతికి చేరేసరికి ఉప్పులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలన్నది ప్రమాణం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు, బాలింతలకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. అలాగని ఉప్పు ఎక్కువ తినమని కాదు. దానివల్ల రక్తపోటు ముప్పు ఉంది. తినే కొద్ది ఉప్పూ అయోడిన్ ఉన్నదై ఉండాలి. ప్యాకెట్ మీద ఆ గుర్తు చూసి కొనాలి. మూత ఉన్న డబ్బాలో పొయ్యికి దూరంగా ఉంచాలి. ఉప్పును కడగకూడదు. కూర ఉడికాక చివర్లో వేయడం మేలు. సముద్ర చేపలు, గుడ్లు, పాలలో కూడా అయోడిన్ లభిస్తుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్ పూర్తిగా మానాల్సిన పని లేదు. ఉడికించి మితంగా తింటే హాని ఉండదు.

అయోడిన్ ఉప్పు వాడుతున్నా కొందరికి లోపం ఎందుకు వస్తుందన్న సందేహం సహజం. శరీర రక్షణ వ్యవస్థే పొరపాటున థైరాయిడ్‌పై దాడి చేసే హషిమోటో వ్యాధి ఇందుకు ప్రధాన కారణం. దీనికి ఉప్పు మందు కాదు, మాత్రే మందు.

కాన్పు తరువాతా జాగ్రత్త

కాన్పు కాగానే మాత్ర అవసరం తగ్గుతుంది. సాధారణంగా గర్భానికి ముందున్న మోతాదుకు తెచ్చి ఆరు వారాలకు మళ్ళీ పరీక్షిస్తారు. ఇంతకు ముందు ఏ సమస్యా లేని స్త్రీలలో సైతం కొందరికి కాన్పయిన ఏడాదిలోగా థైరాయిడ్ వాపు రావచ్చు. మొదట గుండెదడ, చిరాకు, ఆ తరువాత నీరసం, దిగులు కనిపిస్తాయి. బాలింత ఊరకే ఏడుస్తోందని, బిడ్డను పట్టించుకోవడం లేదని నిందించే ముందు ఒకసారి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించడం ఇంటి పెద్దల బాధ్యత.

పుట్టిన బిడ్డకూ పరీక్ష అవసరం. మన దేశంలో సుమారు వెయ్యి మంది శిశువుల్లో ఒకరు పుట్టుకతోనే థైరాయిడ్ లోపంతో ఉంటున్నారు. తల్లికి సమస్య లేకున్నా ఇది రావచ్చు. పుట్టినప్పుడు బిడ్డ చూడటానికి మామూలుగానే ఉంటుంది. పుట్టిన 48 గంటల తరువాత మడమ నుంచి తీసే రక్తపు చుక్కతో లోపాన్ని కనిపెట్టవచ్చు. రెండు వారాల్లోపు మందు మొదలుపెడితే బిడ్డ అందరిలాగే ఎదుగుతుంది. ఆలస్యమైతే కోల్పోయిన తెలివితేటలను తిరిగి తీసుకురావడం కష్టం. అందుకే ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళే ముందే ఈ పరీక్ష గురించి అడగాలి.

మొదట ప్రస్తావించిన తీర గ్రామపు గర్భిణి నెలలు నిండాక ప్రసవించింది. బిడ్డకు చేసిన మడమ రక్త పరీక్షలో లోపమేమీ లేదని తేలింది. మాత్రల సీసా ఇప్పుడు అటక మీద లేదు. దేవుడి పటాల పక్కన, అందరికీ కనిపించే చోట ఉంది. తెల్లవారగానే ‘మాత్ర వేసుకున్నావా అమ్మా?’ అని కోడలిని అడుగుతున్నది ఆ అత్తగారే. ఆ ఒక్క ప్రశ్న ప్రతి ఇంటా వినిపించాల్సిన అవసరం ఉంది.